జులైలో షెఫీల్డ్ వెళ్తున్నాను: శని ఆదివారాల కొండ నడకలకు ఏం సర్దుకోవాలి? పొలాల్లోంచి వెళ్తే ఎవరూ ఏమీ అనరా?

సీతమ్మధార టీచరమ్మ:

అందరికీ నమస్కారం. జులై మొదటి వారంలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాను. సెప్టెంబరు దాకా అక్కడే. శని ఆదివారాలు వస్తే కూతురూ అల్లుడూ కొండల మీదే ఉంటారు. "నువ్వూ రావాల్సిందే, ఇంట్లో కూర్చుని సీరియళ్ళు చూస్తానంటే ఊరుకోను" అని ఇప్పటినుంచే హెచ్చరికలు.

నాకు 62 ఏళ్ళు. బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నడక కొత్తేమీ కాదు. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తాను. ఏటా సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండానే చేస్తాను. (ఈసారి అది తప్పిపోతోంది, అప్పన్న స్వామి ఏమనుకుంటాడో.) కుడి మోకాలు మాత్రం మెట్లు దిగేటప్పుడు పేచీ పెడుతుంది.

అసలు నా టెన్షన్ వేరే. మొన్న అమ్మాయి ఒక వీడియో పంపింది. మా అల్లుడు ఎవరిదో పొలం గేటు తీసుకుని, గొర్రెల మధ్యలోంచి దర్జాగా నడిచి వెళ్ళిపోతున్నాడు. మన ఆనందపురం వైపు ఎవరి జీడితోటలోకైనా అలా వెళ్తే కర్ర పుచ్చుకుని వస్తారు కదా! పరాయి దేశంలో లేనిపోని గొడవ అవుతుందేమోనని భయం. అడిగితే "ఏం కాదత్తయ్యా" అంటాడు తప్ప వివరంగా చెప్పడు.

ఇంకా బట్టల సంగతి. చీరతో కుదరదని తెలుసు, కాటన్ పంజాబీ డ్రెస్ చాలా? కొండ మీద బాత్రూమ్ ఉంటుందా? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి.

లాసన్స్‌బే వాసి:

మేడమ్, నేను షెఫీల్డ్‌లో చాలా ఏళ్ళు ఉద్యోగం చేసి వైజాగ్ తిరిగొచ్చేశాను. ముందు మీ పొలాల భయం తీరుస్తాను. మీ అల్లుడిగారిది దౌర్జన్యం కాదు, హక్కు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఊరికీ ఊరికీ మధ్య జనం తరతరాలుగా నడిచిన కాలిబాటలకు చట్టం కాపలా ఉంది. భూమి రైతుదే. దాని మీదుగా నడిచే హక్కు అందరిదీ. బాట మొదట్లో బోర్డు ఉంటుంది, ఆ తర్వాత గేట్ల మీదా గుంజల మీదా చిన్న పసుపు బాణం గుర్తులు. బాణం నీలం రంగులో ఉంటే ఆ దారిలో గుర్రాలూ సైకిళ్ళూ కూడా రావచ్చు. ఆర్డ్‌నెన్స్ సర్వే (అక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ళ 1:25,000 మ్యాపు, నారింజ అట్టది, కొనుక్కుంటే అందులో ఈ బాటలన్నీ ఆకుపచ్చ గీతలుగా కనిపిస్తాయి. దారి మీదుగా రైతు దున్ని పంట వేసినా, మళ్ళీ బాట తీసి ఇవ్వాల్సింది ఆయనే. అందుకే ఒక్కోసారి బార్లీ చేను నడిమధ్యలోంచి పోతుంటాం. రెండు వైపులా కంకులు మోచేతులకు తగులుతుంటాయి. అటు ట్రాక్టరు మీద రైతు చెయ్యి ఊపుతాడు. మొదటిసారి నాకు నమ్మబుద్ధి కాలేదు.

మీరు సోషల్ టీచరు కాబట్టి ఇంకో సంగతి. ఈ హక్కు ఊరికే రాలేదు. షెఫీల్డ్ పక్కనే కిండర్ స్కౌట్ అని ఒక కొండ ఉంది. ఒకప్పుడు జమీందార్లు దాన్ని గ్రౌస్ పిట్టల వేట కోసం అట్టేపెట్టుకుని, మామూలు జనాన్ని అడుగు పెట్టనిచ్చేవారు కాదు. 1932 ఏప్రిల్ 24న, అంటే మన ఉప్పు సత్యాగ్రహం జరిగిన రెండేళ్ళకు, మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందల మంది కావాలనే దాని మీదికి ఎక్కారు. కాపలావాళ్ళతో తోపులాట జరిగింది. ఐదుగురికి జైలు పడింది. 1951లో బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కుగా ప్రకటించింది ఆ ప్రాంతాన్నే, పీక్ డిస్ట్రిక్ట్‌ని. 2000లో వచ్చిన చట్టంతో కొండలు, బీడు భూముల్లో చాలా చోట్ల బాట వదిలి తిరగడానికి కూడా హక్కు వచ్చింది. స్కాట్లండ్‌లో 2003 చట్టం ఇంకా ఉదారం. అమ్మాయిని అడిగి కిండర్ వైపు ఒకసారి వెళ్ళండి, మీకు నచ్చుతుంది.

మనం పాటించాల్సింది కొంచెమే. గేటు మూసి ఉంటే తీసి వెళ్ళి మళ్ళీ మూయాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి. అక్కడి గోడలు సిమెంటూ సున్నమూ లేకుండా రాయి మీద రాయి పేర్చినవి, వాటిని ఎక్కి దూకకూడదు. దాటడానికి చెక్క మెట్లో, గోడలోనే మనిషి ఒత్తిగిలి పట్టేంత సందో పెట్టి ఉంచుతారు. చీర వద్దన్నది ఆ చెక్క మెట్ల కోసమే అనుకోండి. దూడలున్న ఆవుల మందకు మాత్రం దూరంగా జరిగి నడవండి. మన రోడ్ల మీద పడుకునే ఆవులనుకుని నిమరడానికి వెళ్ళొద్దు. దూడ జోలికి వస్తున్నారనుకుంటే తరుముతాయి. చేతిలో కుక్క ఉంటే మరీను.

కాటన్ విషయం. వైజాగ్ ఉక్కపోతలో కాటనే మన ప్రాణం. అక్కడ అదే శత్రువు. తడిస్తే ఆరదు, ఒంటికి అతుక్కుని వణికిస్తుంది. జీన్స్ కూడా వద్దు. జిమ్ముకు వేసుకునే పాలిస్టర్ టీషర్టు, పలచటి ట్రాక్ ప్యాంటు, పైన ఒక ఉన్ని స్వెట్టరు, దాని మీద టోపీ ఉన్న రెయిన్ జాకెట్. జులై అయినా సరే ఇవన్నీ బ్యాగులో ఉండాలి. గొడుగు గాలికి నిలవదు, మర్చిపోండి.

మొదటి నడకకు కిండర్ వద్దు. హేథర్‌సేజ్ ఊరి పైన స్టానేజ్ ఎడ్జ్ ఉంది, అక్కడికి వెళ్ళండి. కిలోమీటర్ల పొడవునా నిలువుగా కోసినట్టున్న రాతి అంచు, దాని మీద నడక దాదాపు చదునే. ఆ అంచు కింద ఫెర్న్ పొదల్లో గుండ్రటి తిరగలి రాళ్ళు పడి ఉంటాయి, మనిషి నడుమెత్తువి. ఒకప్పుడు అక్కడే చెక్కి పిండిమరలకు పంపేవారు. గిరాకీ పడిపోయేసరికి చెక్కినవి చెక్కినట్టే వదిలేసి వెళ్ళిపోయారు. నడిమధ్య ఇరుసు పట్టే బెజ్జం, అంచు చుట్టూ ఉలి గాట్లు, వాటిలో నాచు. చేత్తో తడిమితే గాటు గాటూ తెలుస్తుంది. నేషనల్ పార్కు గుర్తు కూడా ఆ రాయే.

బాత్రూమ్ ఊళ్ళోనే చూసుకోవాలి. హేథర్‌సేజ్‌లో ఉంది, కిండర్ కింద ఉన్న ఈడేల్ ఊళ్ళో కార్ పార్కు దగ్గర ఉంది. కొండ ఎక్కాక ఏమీ ఉండదు. తప్పదనుకుంటే బాటకూ నీటికీ దూరంగా వెళ్ళి, వాడిన కాగితం సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చేయాలి.

మాధవధార మెట్లు:

ఆంటీ, అంత భయపడకండి. నేను గూగుల్‌లో చూశాను, ఈ కిండర్ స్కౌట్ ఎత్తు 636 మీటర్లట. మనం అరకులో బస్సు దిగేసరికే అంతకన్నా ఎత్తులో ఉంటాం. ఇంగ్లండ్ మొత్తానికీ పెద్దదైన స్కాఫెల్ పైక్ కూడా 978 మీటర్లే. మేం ప్రతి ఆదివారం మాధవధార నుంచి సింహాచలం కొండ ఎక్కి దిగేస్తాం, బాటా చెప్పులతో! గిరిప్రదక్షిణ చేసే మీకు అదొక లెక్కా?

లాసన్స్‌బే వాసి:

తమ్ముడూ, ఎత్తు చూసి లెక్కేస్తే అక్కడ బోల్తా పడతావు. అరకులో బస్సు దిగితే టీ కొట్టు ఉంటుంది. కిండర్ మీద చెట్టు కూడా ఉండదు. పైన అంతా నల్లటి పీట్ నేల, అంటే కుళ్ళిన మొక్కలు పేరుకున్న నేల, తడిస్తే పిండి ముద్ద. దాంట్లో వాన కోసిన కాలవలు అడ్డదిడ్డంగా ఉంటాయి, మనిషి లోపలికి దిగితే బయటికి ఏమీ కనిపించదు. మబ్బు కిందికి దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో తెలియదు. కింద ఊళ్ళో 20 డిగ్రీలుంటే పైన రెండు మూడు డిగ్రీలు తక్కువ, దాని మీద గాలి. మన గాలి ఒంటి మీద చెమట ఆరబెడుతుంది. ఆ గాలి ఒంట్లో వేడి లాగేస్తుంది. బాటా చెప్పులు మాత్రం వద్దు.

ఇంకో మోసం పగటి వెలుతురు. జులై మొదట్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా సూర్యుడు ఉంటాడు. "ఇంకా బోలెడు టైముంది" అనిపిస్తుంది. కానీ బస్సులు సూర్యుణ్ణి చూసి నడవవు. ఆదివారాలు బస్సులూ రైళ్ళూ తక్కువ. తిరుగు బండి టైము చూసుకున్నాకే కొండ ఎక్కాలి. ఎంతసేపు పడుతుందో తేల్చడానికి అక్కడివాళ్ళు 1892 నాటి నైస్మిత్ లెక్క వాడతారు: 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు అదనంగా ఇంకో గంట. అది ఆగకుండా నడిచేవాడి లెక్క. ఫొటోలకూ పులిహోర పొట్లాలకూ ఆగే మనం దాని మీద సగం కలుపుకోవడం మేలు.

ఎంవీపీ డాక్టర్:

ఒక్క విషయం కలుపుతాను. ఎండాకాలంలో అక్కడి ఫెర్న్ పొదల్లో, పొడుగు గడ్డిలో గోమార్లు ఉంటాయి. కుక్కల ఒంటి మీద మనం చూసే వాటి లాంటివే, ఇంకా సన్నగా, గసగసాలంత కూడా ఉండొచ్చు. కొన్నింటివల్ల లైమ్ అనే జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి. ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనక, గజ్జల్లో, చంకల్లో, చెవుల వెనక చూసుకోండి. పట్టుకుని కనిపిస్తే సన్నటి ట్వీజర్‌తో చర్మానికి ఆనించి నిదానంగా నిటారుగా లాగేయాలి. కిరసనాయిలు, అగ్గిపుల్ల వైద్యాలు చేయకండి.

ముఖ్యమైనది ఏమిటంటే, గోమారి కుట్టిన చోట ఎర్రటి మచ్చ చుట్టూ పాకుతూ పెద్దదవడం సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాల్లో మొదలవుతుంది, ఒక్కోసారి మూడు నెలలు కూడా పట్టొచ్చు. అప్పటికి మీరు వైజాగ్ తిరిగొచ్చేసి ఉండొచ్చు. ఇక్కడ డాక్టరుకు ఆ జబ్బు గుర్తుకు రాకపోవచ్చు, తామరనుకుని పూతమందు రాసేస్తారు. "బ్రిటన్‌లో గడ్డిలో నడిచాను" అని మీరే చెప్పండి. త్వరగా పట్టుకుంటే యాంటీబయాటిక్స్‌తో తగ్గిపోతుంది.

వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకండి, పైన ఎక్కడో గొర్రె చచ్చి పడి ఉండొచ్చు.

సీతమ్మధార టీచరమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్. ఉప్పు సత్యాగ్రహం మాట చదివాక మా అల్లుడి మీద గౌరవం పెరిగింది! డాక్టరుగారి మాటలు ప్రింటు తీసి పాస్‌పోర్టులో పెట్టుకుంటున్నాను. లాసన్స్‌బే వాసి గారూ, ఇంకా మూడు సందేహాలు. బూట్లు ఇక్కడ కొనుక్కోవాలా, అక్కడా? మోకాలికి చేతికర్ర పట్టుకుంటే నామోషీనా? మేమంతా కారులోనే తిరగాలా, రైళ్ళున్నాయా?

లాసన్స్‌బే వాసి:

బూట్లు ఇక్కడే కొనండి, చీలమండ పట్టేవి, అడుగున గాట్లు లోతుగా ఉన్నవి. సాయంత్రం కాళ్ళు కాస్త ఉబ్బాక షాపుకి వెళ్ళి, మందపాటి సాక్సుతో వేసి చూసుకోండి. దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకూడదు. తర్వాత ప్రయాణం దాకా జోడుగుళ్ళపాలెం వైపు మెట్ల మీద కైలాసగిరి ఎక్కి దిగుతూ ఉండండి. కొత్త బూట్లతో నేరుగా స్టానేజ్ ఎక్కితే రెండో గంటకే మడమ బొబ్బలెక్కుతుంది.

కర్రకు నామోషీ ఏమిటండీ, అక్కడ పాతికేళ్ళ పిల్లలు రెండు చేతుల్లో రెండు పట్టుకుంటారు. మడిచే రకం జత కొనండి. దిగేటప్పుడు కొంచెం పొడుగు చేసుకుని, కర్ర ముందు ఆనించి ఆ తర్వాత అడుగు వేస్తే మీ కుడి మోకాలు చాలావరకు ఊరుకుంటుంది. చేతి సామానులో పెట్టొద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపొచ్చు, పెద్ద పెట్టెలో వేయండి.

రైలు బ్రహ్మాండం. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వెళ్ళే హోప్ వ్యాలీ లైనులో హేథర్‌సేజ్, ఈడేల్ రెండూ స్టేషన్లే. బండి దిగిన చోటే కొండ మొదలవుతుంది. 60 దాటినవాళ్ళకు సీనియర్ రైల్‌కార్డు ఉంది, టికెట్టులో మూడో వంతు తగ్గుతుంది. విజిటర్లు కూడా తీసుకోవచ్చు, పాస్‌పోర్టు చూపిస్తే సరి. స్టానేజ్ తర్వాత ఈడేల్‌లో దిగి హాలిన్స్ క్రాస్ మీదుగా మామ్ టోర్, 517 మీటర్లు, ఎక్కండి. శిఖరం మీద రాళ్ళు పరిచిన దారి. దాని ఒక పక్క కొండ ఇప్పటికీ జారుతూనే ఉంటుంది. అటు కాసిల్‌టన్ వైపు దిగితే 1979లో మూసేసిన పాత మెయిన్ రోడ్డు కనిపిస్తుంది, తెల్ల గీతలతో సహా తారు పలకలు మెట్లు మెట్లుగా విరిగిపోయి. మోకాలు మొరాయిస్తే మాత్రం అటు దిగకుండా వచ్చిన దారినే ఈడేల్‌కి తిరిగొచ్చేయండి.

ఫోన్లో ఎవరి సిగ్నలున్నా 999 పోతుంది. కొండ మీద ఆపదయితే పోలీసుల్ని అడిగి, మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. వచ్చేవాళ్ళు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. మెడలో ఒక విజిల్ వేసుకోండి, పూర్ణా మార్కెట్‌లో దొరుకుతుంది. నిమిషానికి ఆరు ఊదులు, ఒక నిమిషం విరామం, మళ్ళీ ఆరు.

పులిహోర కట్టుకెళ్ళండి, చలికి గడ్డకట్టని నువ్వులనూనె పోపుతో. పెరుగన్నం మాత్రం ఆ గాలిలో తినలేరు.