చర్చ: ష్రోడర్ ఇల్లు కాపురానికా, చూడటానికా?

గోడలూ గుమ్మాలూ
నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఆర్కిటెక్ట్ రీట్‌వెల్డ్ 1924లో కట్టిన ష్రోడర్ ఇంటిని ఆర్కిటెక్చర్ చదివినవాళ్లంతా నెత్తిన పెట్టుకుంటారు. 2000లో యునెస్కో వారసత్వ జాబితాలోకి కూడా ఎక్కింది. తెలుపు, బూడిద రంగు గోడలు, అక్కడక్కడా ఎరుపు, పసుపు, నీలం. అందంగా ఉంది, కాదనను. కానీ ముగ్గురు పిల్లలున్న ఇంట్లో పై అంతస్తుకు పక్కా గోడలే లేకపోతే ఎలా? చదువుకునే పిల్లకి ఏకాంతం ఏది? ఒక కళా ఉద్యమాన్ని చాటడానికి కట్టిన నమూనా అది, కుటుంబం కోసం కట్టిన ఇల్లు కాదు.

పెరటిమొక్క
నేను ఒప్పుకోనండీ. గోడలు వద్దని పట్టుబట్టింది ఆ ఇంటి తల్లే. ట్రూస్ ష్రోడర్ భర్త 1923లో పోయారు. పిల్లలు ఎక్కడో మూల గదుల్లో కాకుండా పెద్దవాళ్ల మాటల మధ్యే పెరగాలని ఆమె కోరిక. అందుకే పగలు పైన అంతా ఒకే హాలు. రాత్రి పలకలు జరిపితే ఎవరి గది వాళ్లది. ఇళ్ల నిర్మాణ రూల్స్ అడ్డొస్తాయని ప్లాన్‌లో ఆ అంతస్తును అటకగా చూపించారు కూడా.

కింద వంటింటి దగ్గర సరుకులు తెచ్చేవాళ్ల కోసం మాట్లాడే గొట్టం పెట్టించారు. ముందు బెల్ కొట్టండి, ఎవరూ పలకకపోతే గొట్టంలో మాట్లాడండి అని రాసి ఉంటుంది. రోజూ ఇల్లు నడిపే మనిషికి తప్ప ఇంకెవరికి తడుతుంది ఇది? 1985లో చనిపోయేదాకా ఆమె అక్కడే ఉన్నారు.

గోడలూ గుమ్మాలూ
అరవై ఏళ్లు ఉండటం ఆమె ఇష్టం. పిల్లలని ఎవరు అడిగారు? పలక జరిపితే చూపు ఆగుతుందేమో గానీ శబ్దం ఆగదు కదా.

శంకర్‌పల్లి ప్లాటు
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది 250 గజాలు. ఇదే పద్ధతిలో పెద్ద అద్దాలు, తక్కువ గోడలతో కట్టాలని మా ఆవిడా నేనూ అనుకుంటున్నాం. స్థలమంతా ఇంటికే సరిపోతోంది, తోటకి చోటు మిగలట్లేదు. ఫర్వాలేదంటారా?

పెరటిమొక్క
తోట లేకుండా మాత్రం కట్టకండి అన్నా. ష్రోడర్ ఇంట్లో సగం బయటే ఉంది. ఇళ్ల వరుసలో అదే చివరిది, అప్పట్లో దాని తర్వాత అన్నీ పచ్చిక బయళ్లే. పైన మూల కిటికీకి మధ్యలో స్తంభం ఉండదు. రెండు రెక్కలూ తెరిస్తే గది మూలే మాయమై, కూర్చున్నవాళ్లు పొలంలో ఉన్నట్టుండేది. లోపల సామాను తక్కువైనా వెలితి అనిపించకపోవడానికి కారణం ఇదే. ఎదురుగా ఎవరో ఏదో కట్టేస్తారని, 1930 ప్రాంతంలో ఎరాస్మస్‌లాన్ అనే వీధిలో ట్రూస్, రీట్‌వెల్డే ఇంకో ఇళ్ల వరుస డిజైన్ చేశారు. 1960లలో ఇంటి ముందు నుంచే ఎత్తైన హైవే వేశారు. ఇప్పుడు ఆ కిటికీలోంచి చూస్తే పొలం కాదు, రోడ్డు. ఆ ఇంటికి అంతకన్నా పెద్ద నష్టం ఏదీ జరగలేదని నా అభిప్రాయం.

మీరు ఇంటిని తగ్గించండి, ముందు చెట్లకి చోటు వదలండి. ఇంకో మాట, వాళ్లకి ఎండ కరువు కాబట్టి అన్ని అద్దాలు. మన దగ్గర పడమర వైపు అద్దం పెడితే మే నెలలో ఆ గదిలో కూర్చోలేరు. పెద్ద కిటికీలు ఉత్తరానికి పెట్టించండి, పడమటి గోడకి వేపచెట్టు నీడ ఉండాలి.

శంకర్‌పల్లి ప్లాటు
ఇల్లు తగ్గించమంటే మా నాన్నగారు ఒప్పుకోవడం కష్టం. స్థలం వృథా అంటారు. ఆ హైవే సంగతి చెప్పి చూస్తాను.

గోడలూ గుమ్మాలూ
తోట విషయంలో పెరటిమొక్క గారి మాటే నాదీ. కానీ పిల్లల గదికి మాత్రం పలక పెట్టకండి, గట్టి గోడ కట్టి తలుపు పెట్టండి. పదో తరగతికి వచ్చేసరికి వాళ్లే అడుగుతారు.