ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో రాస్ప్‌బెర్రీ పై ఇమేజ్ తయారు చేసినవాళ్లు ఉన్నారా?

తోతాపురి:
చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు యూనిట్లో కోల్డ్ రూముల టెంపరేచర్ చూసే పని నాది. మొత్తం 12 రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), 8 పై 4 మోడల్‌వి, మిగతా 4 పాత పై జీరోలు. ఒక్కోదానికి మానిటర్ తగిలించి అన్నీ ఇన్‌స్టాల్ చేస్తా కూర్చుంటే కాయల సీజన్ అయిపోతుంది, అందుకే ల్యాప్‌టాప్‌లోనే ఇమేజ్ (ఓఎస్, ప్రోగ్రాములు అన్నీ ఉన్న ఒకే ఫైలు) సిద్ధం చేసి మెమరీ కార్డులకు రాసేద్దామనుకున్నా. దాన్ని ఫోల్డర్‌లా తెరిచి (మౌంట్ చేసి), లోపలి ప్రోగ్రాములు నడిపే సీహెచ్‌రూట్ కమాండ్ కొడితే 'ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్' అంటోంది. దారేది?

అలిపిరి_మెట్లు:
ఇమేజ్‌లో తప్పేం లేదన్నా, ఇంటెల్ ప్రాసెసర్‌కు ఈ బోర్డుల్లోని ఆర్మ్ ప్రాసెసర్ కోసం చేసిన ప్రోగ్రాములు అర్థం కావు, అంతే. క్యూఎము యూజర్ స్టాటిక్ (ఇంటెల్ మీద ఆర్మ్ ప్రోగ్రాములు నడిపేది), బిన్‌ఎఫ్‌ఎంటీ సపోర్ట్ (వాటిని క్యూఎముకు పంపించేది) ప్యాకేజీలు వేసుకో. ఫైలు మొదట్లోని బైట్లు చూసి ఇది ఆర్మ్‌ది అని లైనక్స్ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) గుర్తుపట్టి క్యూఎముకు అప్పజెప్తుంది. పాత పేజీలన్నీ క్యూఎము ఫైలును ఇమేజ్ లోపలికి కాపీ చేయమంటాయి, కెర్నల్ 4.8లో క్యూఎమును ముందే తెరిచి పెట్టుకునే ఎఫ్ ఫ్లాగ్ వచ్చాక ఇప్పటి డెబియన్ లైనక్స్‌లో ఆ అవసరం లేదు.

చంద్రగిరి_కోట:
ప్యాకేజీలు వేసుకోవడానికి అది చాలు, కంపైలింగ్ మాత్రం అందులో పెట్టుకోవద్దు సామీ. ఓపెన్‌సీవీ అనే పెద్ద లైబ్రరీని కంపైలింగ్‌కు పెట్టి పడుకున్నా, తెల్లారి సుప్రభాతం వేళకు లేచి చూస్తే సగం కూడా కాలేదు. ప్రతి ఆర్మ్ ఇన్‌స్ట్రక్షన్‌నూ నడిచేటప్పుడే ఇంటెల్‌కు మార్చుకోవాలి కదా, నిదానంగా కాక ఎట్లుంటుంది. నీ ప్రోగ్రామ్‌ను క్రాస్ కంపైలర్‌తో (ఇంటెల్‌లో నడుస్తూ ఆర్మ్ కోడ్ ఇచ్చేది) కట్టు, కానీ ఇమేజ్‌లో ఉన్న లైబ్రరీలనే వాడమని సిస్‌రూట్‌గా చూపించు. నేను ఉబుంటు 22.04 లైబ్రరీలతో కట్టి డెబియన్ 11 బోర్డులో పెడితే 'జీలిబ్‌సీ 2.34 దొరకలేదు' అని మొరాయించింది, ప్రోగ్రాములన్నింటికీ ఆధారమైన ఆ లైబ్రరీ డెబియన్ 11లో ఉండేది 2.31.

ఇంకోటి, పని అయ్యాక ఇమేజ్ ఫోల్డర్ తీసేసే ముందు మౌంట్‌లన్నీ విప్పారో లేదో చూసుకో. నేను నా హోమ్ ఫోల్డర్‌ను ఇమేజ్ లోపల కూడా కనిపించేట్టు బైండ్ చేసి మర్చిపోయి, చెరిపేసే ఆర్ఎం కమాండ్ కొట్టా. పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు దాంట్లోనే పోయాయి, ఇంట్లో ఇప్పటికీ ఎత్తి చూపిస్తారు.

పలమనేరు_64బిట్:
ఆ పై జీరోల సంగతి ఎవరూ అడగలేదేం? డెబియన్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ (32 బిట్ ఆర్మ్ రకం) అన్నా, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ ఆర్మ్‌హెచ్‌ఎఫ్ అన్నా పేరు ఒకటేగానీ సరుకు వేరు. మొదటిదానికి ఆర్మ్‌వీ7 తరం ప్రాసెసర్ కావాలి, పాత జీరోలో ఉండేది అంతకు ముందరి ఆర్మ్‌వీ6. జీరో 2 అయితే 64 బిట్, బాధ లేదు.

తోతాపురి:
పాతవే అన్నా. ఉబుంటు క్రాస్ కంపైలర్‌తో 32 బిట్‌కు కట్టి క్యూఎములో నడిపితే బాగానే నడిచింది, బోర్డులో పెట్టగానే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్'. బోర్డే పాడైందనుకున్నా!

పలమనేరు_64బిట్:
అందరూ పడే గుంట అదే. క్యూఎము మామూలుగా పెద్ద ఆర్మ్ ప్రాసెసర్ లాగా నటిస్తుంది, వీ7 కోడ్ వచ్చినా కిమ్మనకుండా నడిపేస్తుంది. క్యూఎము సీపీయూ వేరియబుల్‌ను జీరోలో ఉండే ఆర్మ్1176 అని పెట్టి నడుపు, ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లోనే చచ్చిపోతుంది. ఏ తరానికి కట్టాలో చెప్పే 'మార్చ్' ఆప్షన్‌ను వీ6కు తగ్గించినా లాభం లేదు, ఆ కంపైలర్‌తో వచ్చే స్టార్టప్ ఫైళ్లే వీ7వి. జీరోలకు బిల్డ్‌రూట్ (ఇమేజ్ మొత్తం సోర్స్ నుంచి కట్టే టూల్) పట్టుకో, దాంట్లో ఆ బోర్డు కాన్ఫిగ్ రెడీగా ఉంది, టూల్‌చైన్ (కంపైలర్, దాని సరంజామా) కూడా అదే కట్టుకుంటుంది. అదే పని చేసే యోక్టో జోలికి పోవద్దు, నాలుగు బోర్డులకు అంత డిస్క్ ఎందుకు దండగ.

తోతాపురి:
పై 4 కార్డులు ఎనిమిదీ రాసేశా, అన్నీ లేచాయి. కానీ గదులు వంతులేసుకున్నట్టు ఒకటి కనిపిస్తే ఒకటి మాయమవుతోంది. స్విచ్ కూడా మార్చి చూశా.

అలిపిరి_మెట్లు:
నెట్‌వర్క్‌ను సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే సర్వీస్‌తో పెట్టావా? అన్నింటికీ ఒకటే మెషీన్ ఐడీ (ఒక్కో ఇన్‌స్టలేషన్‌కు వేరుగా ఉండాల్సిన నంబర్, ఒక ఫైలులో ఉంటుంది) పోయుంటుంది. రౌటర్‌ను ఐపీ అడిగేటప్పుడు చెప్పే డీహెచ్‌సీపీ గుర్తింపును ఆ సర్వీస్ తయారు చేసేది ఆ ఐడీ నుంచే, రౌటర్ అన్నింటినీ ఒకటే అనుకుని ఒకే ఐపీ ఇస్తోంది. కార్డులు రాసే ముందు ఇమేజ్‌లో ఆ ఫైలు ఖాళీ చెయ్యి, ఫైలు మాత్రం ఉండాలి, మొదటి బూట్‌లో కొత్తది రాసుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు బోర్డును గుర్తుపట్టేవి) కూడా తీసేసి బోర్డుకొకటి పుట్టేట్టు చూడు.

తోతాపురి:
అదే సామీ, అదే! గదులకు ఒకటే టెంపరేచర్ చూపిస్తోందని నిన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి సెన్సార్ వైర్లన్నీ పీకించా. ఇప్పుడు ఆయనకు ఏం చెప్పాలో చెప్పండి.