డీప్ పర్పుల్ వాళ్ళ మెషీన్ హెడ్ మొత్తం ఆల్బం ఇప్పుడే విన్నా, ఇందులో గిటార్ ఏది ఆర్గాన్ ఏది బాబోయ్

రాత్రిబండి:
డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్ అంటే ఇన్నాళ్ళూ నాకు తెలిసింది ఆ ఒక్క రిఫ్ (పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గిటార్ ముక్క) మాత్రమే, గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి వారంలోనే వాయించి ఇంట్లోవాళ్ళ చెవులు తినేస్తాడే అదే, స్మోక్ ఆన్ ద వాటర్. నేనూ తిన్నా లెండి, తర్వాత ఆ గిటార్ మంచం కిందకి పోయింది. ఆ విసుగుతోనే ఈ బ్యాండ్ జోలికి పోలేదు. మొన్న నిద్ర పట్టక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మెషీన్ హెడ్ మొదటి పాట నుంచి పెట్టా, 37 నిమిషాలే కదా అయిపోతుందిలే అని, అంతే ఇక, నాలుగు రోజులుగా చెవిలో ఇంకోటి పడట్లేదు. హైవే స్టార్ మొదలు వింటుంటే ఇంజిన్ ఆన్ చేసి బండి కదలకముందు యాక్సిలరేటర్ తొక్కుతూ కూర్చున్నట్టు ఉంటుంది.

నా డౌట్ ఏంటంటే, లేజీ అనే పాట మొదట్లో వచ్చే ఆ గరగరలాడే సౌండ్ గిటారా ఆర్గానా? ఇద్దరు గిటారిస్టులు ఉన్నారేమో అనుకున్నా, చూస్తే రిచీ బ్లాక్‌మోర్ ఒక్కడే. ఇంకా ఈ ఆల్బంలో నేను మిస్సవుతున్నవి ఏమన్నా ఉంటే చెప్పండి.

పాతక్యాసెట్:
ఆర్గానే అండి. బ్యాండ్‌లో ఆర్గాన్ వాయించే జాన్ లార్డ్ చేతి పని అది. హామండ్ అనే ఎలక్ట్రిక్ ఆర్గాన్‌ని మామూలుగా అయితే లెస్లీ అనే తిరిగే స్పీకర్‌లోంచి వినిపిస్తారు, గుండ్రంగా ఊగుతూ వస్తుంది సౌండు. ఈయన దాన్ని తీసుకెళ్ళి మార్షల్ యాంప్‌కి కలిపాడు, గిటారిస్టులు సౌండ్ పెంచడానికి వాడే యాంప్లిఫయర్‌కి. అందుకే చించుకుని వస్తుంది. బ్యాండ్‌లో రెండో గిటార్ లేదు కాబట్టి రిథమ్ గిటార్ చెయ్యాల్సిన చాకిరీ అంతా ఈయన ఎడమ చెయ్యే చేస్తుంది.

గుర్తుపట్టడానికి ఒక చిట్కా. తీగ మీద నోట్ కొడితే మెల్లగా చచ్చిపోతుంది, ఆర్గాన్ నోట్ అలా కాదు, కీ మీద వేలు ఉన్నంతసేపూ అదే బలంతో నిలబడి ఉండి వేలు తీయగానే టక్కున తెగిపోతుంది. ఆ తెగడం వినండి. స్మోక్ ఆన్ ద వాటర్‌లో కూడా మొదట గిటార్ ఒక్కటే వస్తుంది, తర్వాత హై-హ్యాట్ (డ్రమ్స్‌లో జంట తాళాలు), ఆర్గాన్ కలుస్తాయి, తర్వాత మిగతా డ్రమ్స్, చివరికి బేస్. ఆర్గాన్ కూడా అదే రిఫ్ వాయించడంతో రెండూ ఒకటే అనిపిస్తాయి. ఒకసారి విడదీసి విన్నారంటే ఇక కలిపి వినడం కష్టం, ముందే చెప్తున్నా.

తెగినతీగ:
రిఫ్ మీద విసుగు అన్నారు కాబట్టి ఒక మాట. అందరూ దాన్ని తప్పుగా వాయిస్తారు గురూ. ఒక్క తీగ మీద పిక్ పెట్టి బరబరా గీకేస్తారు, లేదా పవర్ కార్డ్స్ (రెండు మూడు తీగలు కలిపి కొట్టే బరువైన స్వరాల జట్లు) వేస్తారు. బ్లాక్‌మోర్ వాయించేది రెండేసి నోట్లు, మన లెక్కలో చెప్పాలంటే కింద స, పైన శుద్ధ మధ్యమం, ఆ జంటే రిఫ్ పొడుగునా పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. పైగా పిక్ వాడడు, రెండు తీగల్నీ వేళ్ళతో ఒకేసారి లాగుతాడు, అందుకే రెండు నోట్లూ ఒకేసారి పేలతాయి. పిక్‌తో కొడితే ఒకదాని వెనక ఒకటి వస్తుంది, వెంట్రుకవాసి తేడానే, కానీ మొత్తం పాడైపోతుంది.

హైవే స్టార్‌లో గిటార్ సోలో కూడా అప్పటికప్పుడు వాయించేసింది కాదు, పాతకాలపు యూరప్ శాస్త్రీయ స్వరకర్త బాక్ సంగీతం పోకడలో కార్డ్స్ పెట్టుకుని ముందే నోట్ నోట్ కట్టుకుని వచ్చి, దాని మీద ఇంకో గిటార్‌తో జోడీ కూడా రికార్డ్ చేశాడు.

మంచుకొండ:
సౌండ్ గురించి మాట్లాడుకుంటూ ఆ హోటల్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి!! అసలు ఈ ఆల్బం అలా వినపడటానికి సగం కారణం అదే. 1971 డిసెంబర్‌లో స్విట్జర్లాండ్‌లోని మాంట్రూ వెళ్ళారు, అక్కడి క్యాసినోలో రికార్డింగ్ అనుకుని రోలింగ్ స్టోన్స్ వాళ్ళ మొబైల్ స్టూడియో ట్రక్కు కూడా అద్దెకి తీసుకున్నారు. 4వ తేదీన అదే క్యాసినోలో అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా షో నడుస్తుంటే జనంలో ఎవడో ఫ్లేర్ గన్ (మంట సిగ్నల్ వదిలే తుపాకీ) పేల్చాడు, పైకప్పు అంటుకుని క్యాసినో మొత్తం బూడిద. ఆ పొగ జెనీవా సరస్సు మీద పరుచుకోవడం వీళ్ళు చూశారు, స్మోక్ ఆన్ ద వాటర్ పాట పుట్టింది అలా. పాటలో వచ్చే ఫంకీ క్లాడ్ కూడా నిజం మనిషే, మాంట్రూ జాజ్ ఫెస్టివల్ నడిపిన క్లాడ్ నాబ్స్, లోపల ఇరుక్కున్న పిల్లల్ని బయటికి లాగాడు.

తర్వాత పెవిలియన్ అనే థియేటర్‌కి మారారు. అక్కడ రాత్రిపూట ఈ రిఫ్ రికార్డ్ చేస్తుంటే ఊరంతా నిద్రలేచి కంప్లైంట్ ఇచ్చింది, పోలీసులు వచ్చి తలుపులు బాదుతుంటే టేక్ అయ్యేదాకా రోడీలు (బ్యాండ్ సామాను మోసే, సర్దే కుర్రాళ్ళు) లోపల్నుంచి తలుపు అదిమిపట్టుకున్నారని బ్యాండ్ వాళ్ళే చెప్తుంటారు. అక్కణ్ణుంచీ గెంటేశాక దొరికింది గ్రాండ్ హోటల్, చలికాలం కదా మూసేసి ఉంది. కారిడార్‌లో పరుపులు అడ్డం పెట్టి, యాంప్‌లు సర్దుకుని అక్కడే వాయించారు. వాయించింది వినాలంటే గదుల్లోంచి బాల్కనీల మీదుగా దూరి బయట ఉన్న ట్రక్కు దాకా పోవాలి, చలిలో ఆ తంటా ఎవడు పడతాడు, కొన్నాళ్ళకి ప్లేబ్యాక్ వినడమే మానేశారు. నా ఉద్దేశం అదే దీని అదృష్టం. విని విని చెక్కుతూ కూర్చునే వీలు లేకపోవడంతో ఐదుగురూ ఒకచోట నిలబడి వాయించినట్టు వస్తుంది. ట్రక్కులో కూర్చున్న ఇంజినీర్ మార్టిన్ బర్చ్‌కి కూడా ఒక దండం పెట్టాలి.

ఖాళీకుర్చీ:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను కాస్త ఉప్పు వేస్తా. ఇందులో నెవర్ బిఫోర్ అనే పాట నాకు ఎప్పుడూ ఎక్కలేదు. హిట్ అవుతుందని నమ్మి మొదటి సింగిల్‌గా (విడిగా అమ్మే ఒక్క పాట రికార్డు) వదిలింది దాన్నే, ఇప్పుడు దాన్ని తల్చుకునేవాడు లేడు. స్మోక్‌ని అమెరికాలో సింగిల్‌గా వదిలింది 1973లో, అప్పుడది 4వ స్థానం దాకా పోయింది, సొంత పాట విలువ సొంతవాళ్ళకే తెలియలేదు పాపం. ఇంకా కడుపుమంట ఏంటంటే వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్ అని అదే హోటల్లో రికార్డ్ చేసిన నెమ్మది పాట ఒకటుంది, బ్యాండ్ గాయకుడు ఇయాన్ గిలన్ గొంతు అరవకుండా కూడా ఏం చేయగలదో అందులో తెలుస్తుంది, దాన్ని ఆల్బంలోంచి తీసేసి ఈ నెవర్ బిఫోర్ సింగిల్‌కే వెనకవైపు వేశారు. ఇదెక్కడి న్యాయం?

@రాత్రిబండి మీరు మిస్సయ్యేది పిక్చర్స్ ఆఫ్ హోమ్ పాట అయ్యుంటుంది, మధ్యలో అందరూ తప్పుకుని రోజర్ గ్లోవర్ బేస్‌కి దారి ఇస్తారు చూడండి. స్పేస్ ట్రకిన్ పాట నచ్చితే మాత్రం వీళ్ళ మేడ్ ఇన్ జపాన్ లైవ్ ఆల్బంలో వినండి, ఇక్కడ నాలుగున్నర నిమిషాల పాట అక్కడ దాదాపు 20 నిమిషాలు సాగుతుంది, భోంచేసి కూర్చోండి.

పాతక్యాసెట్:
నెవర్ బిఫోర్‌ని అంత మాట అనకండి, మధ్యలో నెమ్మదించే ముక్క బాగుంటుంది. మిగతాదానికి నేనూ మీ పార్టీనే.

రాత్రిబండి:
అయ్యో బ్లైండ్ మ్యాన్ ఇప్పుడే విన్నా, ఇది తీసేశారా!! నోట్ తెగే చిట్కా కూడా పనిచేసింది, లేజీ మొదలంతా ఇప్పుడు స్పష్టంగా ఆర్గాన్‌లాగే వినపడుతోంది, పాతక్యాసెట్ గారూ థ్యాంక్సండీ, మీరన్నట్టే ఇక కలిపి వినలేకపోతున్నా.

తెగినతీగ బ్రో, మీ మాట విని మంచం కింద నుంచి గిటార్ తీశా, దుమ్ము దులిపి, పిక్ పక్కన పడేసి రెండు తీగలూ వేళ్ళతో లాగి చూశా. నిజంగానే వేరే పాటలా ఉంది. టైం రాత్రి ఒంటిగంట అన్నది మర్చిపోయా, పక్క గదిలోంచి గోడ మీద బాదుతున్నారు. తలుపు పట్టుకోవడానికి రోడీలు ఎవరన్నా ఖాళీగా ఉన్నారా?