నవల చదవడం మనసుకు మందా, మనసు నుంచి పారిపోవడమా?

చదువరి
పద్దెనిమిది నుంచి పాతికేళ్ల వయసువాళ్లకు ఒక సలహా తరచూ వినిపిస్తోంది: మనసు బాగోలేనప్పుడు నవల చదువు, చదివాక నీ గురించి డైరీలో రాసుకో అని. మెచ్చేవాళ్లు "ఆరు నిమిషాలు చదివితే ఒత్తిడి 68 శాతం తగ్గుతుంది" అంటారు. నచ్చనివాళ్లు ఇది కష్టాల నుంచి తప్పించుకోవడమే అంటారు. ఇంతకీ మేలు ఉందా? ఉంటే ఎలా చదవాలి, ఎంతసేపు? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

లెక్కల మనిషి
ముందు ఆ 68 శాతం సంగతి తేల్చుకుందాం. 2009లో బ్రిటన్‌లో కొద్దిమంది మీద చేసిన ప్రయోగం నుంచి వచ్చిన అంకె అది. కొలిచింది గుండె వేగం, కండరాల బిగువు, అదీ కొద్ది నిమిషాలపాటు. దాన్ని నెలల తరబడి ఉండే దిగులుకు అంటగట్టడం తప్పు.

రెండోది, 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయేల్ కాస్టానో 'సైన్స్' పత్రికలో ప్రచురించిన పరిశోధన. మంచి సాహిత్యం కాసేపు చదివినా ఎదుటివాళ్ల మనసు పసిగట్టే శక్తి పెరుగుతుందన్నారు. వేరే పరిశోధకులు 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వచ్చిన 21 ప్రయోగాలను మళ్లీ చేసి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. నిలబడనివాటిలో ఇదీ ఉంది. అదే ఏడాది డోడెల్-ఫెడర్, తమీర్ అనే పరిశోధకులు 14 ప్రయోగాలను కలిపి లెక్కిస్తే ప్రభావం కనిపించింది గానీ చాలా చిన్నది. పైగా అదంతా ఇతరులను అర్థం చేసుకోవడం గురించి. చదివేవాళ్ల మనసు కుదుటపడటం వేరే విషయం, ఈ రెంటినీ కలిపేసి మాట్లాడుతున్నారు.

కిటికీ పక్క
అంకెల విషయంలో మీతో పేచీ లేదండీ. కానీ మేలు ఎక్కడి నుంచి రావచ్చో చూడాలి. మన బాధ గురించి మనమే తలుచుకుంటే ఊబిలో దిగబడతాం. అదే బాధ ఇంకొకరిదైతే కాస్త ఎడంగా నిలబడి చూడగలం. తనను తాను "నేను" అని కాకుండా పేరుతోనో, "ఆమె", "అతను" అనో తలుచుకుంటే ఉద్వేగం తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త ఈథన్ క్రాస్ బృందం ప్రయోగాల్లో తేలింది. కథలో పాత్ర ఆ ఎడాన్ని ముందే సిద్ధంచేసి పెడుతుంది.

ఆచరణలో ఇలా చేయొచ్చు. అరగంట చదవండి. మనసు కలుక్కుమన్న చోట పెన్సిల్‌తో చిన్న గీత. పుస్తకం మూశాక పావుగంట రాయండి, గడియారం పెట్టుకుని. ముందు పాత్ర గురించే: ఏం జరిగింది, తను ఏం చేసింది, వేరే ఏ దారి ఉండింది. ఆ తర్వాతే మీ సంగతి, అదీ మీ పేరు పెట్టి మూడో మనిషి గురించి రాసినట్టు. వారానికి మూడుసార్లు చాలు. ఒక్క జాగ్రత్త: లోతుగా రాసిన వెంటనే గంటో రెండు గంటలో మనసు ఇంకా బరువెక్కవచ్చు, అది మామూలే. అందుకే పడుకునే ముందు రాయొద్దు.

నీలిసిరా
కిటికీ పక్క గారూ, ఆ పెన్సిల్ దగ్గరే చిక్కు. కథలో పూర్తిగా మునిగినప్పుడే అది మనలోకి దిగుతుంది. ప్రతి పేజీలో "ఇది నాకేం చెబుతోంది" అని వెతుక్కుంటే మునక తెగిపోతుంది, నవల కాస్తా పరీక్ష పుస్తకమవుతుంది. ఈ వయసువాళ్లు చదవడం మానేసేది కూడా అలాగే. అధ్యాయం అయ్యేదాకా ఏ గుర్తూ వద్దు. మూశాక ఏ దృశ్యం దానంతట అది కళ్లముందు నిలుస్తుందో, దాని గురించి మాత్రమే రాయాలి. ఏదీ నిలవకపోతే ఆ రోజు రాయకపోవడమే మంచిది.

కిటికీ పక్క
ఒప్పుకుంటున్నాను. గీత బదులు కాగితపు ముక్క ఒకటి పెట్టి ముందుకు సాగిపోతే చాలు, అదీ అధ్యాయానికి ఒకటి మించకుండా.

లెక్కల మనిషి
అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆత్మపరిశీలన అని మొదలుపెట్టింది చింతగా మారితే? మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా ఏళ్ల తరబడి పరిశోధించింది దీన్నే: బాధ చుట్టూ పదేపదే తిరిగే ఆలోచన దిగులును పొడిగిస్తుంది. ఆమె సహచరులతో కలిసి 2003లో రాసిన వ్యాసంలో కుమిలిపోవడాన్నీ, నెమ్మదిగా పరిశీలించుకోవడాన్నీ వేరు చేసి చూపారు. డైరీలో ఈ తేడా పట్టుకోవచ్చు. మూడు రోజుల రాత పక్కపక్కన పెట్టండి. "నాకే ఎందుకిలా" అన్న ప్రశ్నే మూడుసార్లూ ఉండి, కొత్త సంగతి ఒక్కటీ లేకపోతే అది కుమిలిపోవడం. రాత ఆపండి. లేచి నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి. మూడో రోజుకు "రేపు ఫలానా వాళ్లకు ఫోన్ చేయాలి" లాంటి చిన్న పనైనా తేలితే అది పరిశీలన.

పుస్తకాల ఎంపికలోనూ ఇదే గుర్తు. వరసగా అన్నీ ఒకే రకం విషాదాలే పట్టుకుంటున్నా, చదువు వంకతో తిండీ నిద్రా మనుషులూ దూరమవుతున్నా అది తప్పించుకోవడమే. అక్కడ విమర్శకులది న్యాయమైన మాట.

నీలిసిరా
నిద్ర మాటెత్తారు కాబట్టి: రాత్రి వెలుగు చిమ్మే తెర మీద కాకుండా కాగితం మీద చదవమని చెప్పాలి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో 12 మంది పడుకునే ముందు నాలుగు గంటలు తెర మీద చదివితే, అచ్చు పుస్తకం చదివినప్పటికన్నా సుమారు 10 నిమిషాలు ఆలస్యంగా నిద్రపట్టింది, నిద్రకు తోడ్పడే మెలటోనిన్ హార్మోన్ కూడా తగ్గింది. పాల్గొన్నది కొద్దిమందే, చదివింది చాలా ఎక్కువసేపు. అయినా పాటించడానికి ఖర్చులేని జాగ్రత్త.

చదువరి
మేలు జరుగుతోందో లేదో ఎవరికి వాళ్లు తెలుసుకునే మార్గం ఉందా?

లెక్కల మనిషి
ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే అయిదు వాక్యాల పట్టిక ఉంది, డబ్ల్యూహెచ్‌ఓ-5 అంటారు. గత రెండు వారాల్లో ఉల్లాసంగా ఉన్నానా, ప్రశాంతంగా ఉన్నానా, చురుగ్గా ఉన్నానా, తాజాగా నిద్రలేచానా, రోజులో ఆసక్తి కలిగించేవి ఉన్నాయా అని. ఒక్కోదానికి 0 (అసలు లేదు) నుంచి 5 (ఎప్పుడూ ఉంది). కూడి నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50 దాటకపోతే నవలతో సరిపెట్టుకోకుండా వైద్యుణ్నో కౌన్సెలర్‌నో కలవాలి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే ఏ లెక్కా వేయనక్కర్లేదు, అదే రోజు దగ్గరివాళ్లకు చెప్పి సాయం తీసుకోవాలి.

పోలిక కోసం రెండు వారాలు చదివి ఒకసారి, రెండు వారాలు ఆపి ఒకసారి కొలవండి. పరీక్షలు అయిపోవడం, ఉద్యోగం రావడం లాంటివి పక్కనే రాసిపెట్టండి. లేకపోతే వాటి పుణ్యం పుస్తకం ఖాతాలో పడుతుంది.

నీలిసిరా
ఆ ప్రయోగానికి నవల వద్దండీ, కథల సంపుటి తీసుకోమనండి. సగంలో ఆపిన నవల ఆ రెండు వారాలూ తలలో తిరుగుతూనే ఉంటుంది, చదవని వారాలు చదవనివిగా మిగలవు.