అప్‌డేట్: ఆ పాత బాక్సర్ ఫోర్క్ కొన్నాను

2010 మోడల్ రాక్‌షాక్స్ బాక్సర్ (కొండలు దిగే మౌంటెన్ సైకిల్‌కి ముందుండే సస్పెన్షన్ ఫోర్క్) సెకండ్‌హ్యాండ్‌లో తీసుకోవచ్చా అని అడిగాను కదా, కొనేశాను. మీరన్నట్టే స్టాంక్షన్ల (ఫోర్క్‌లో జారే పై గొట్టాల) మీద గోరు పెట్టి లాగి చూశా, ఎక్కడా గీత తగల్లేదు. నూనె కారకుండా ఆపే సీళ్లు మాత్రం ఎండిపోయాయి. 35 మి.మీ. సీళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించి, నెల్లూరులో మోటార్‌సైకిళ్లు బాగుచేసే అన్న దగ్గర నూనెతో సహా మార్పించా. "ఇదీ బండి ఫోర్కే కదా తమ్ముడూ" అని నవ్వాడు.

అసలు తేడా స్ప్రింగ్‌తో వచ్చింది. పాతది నా బరువుకి మరీ మెత్తన, కూర్చోగానే 80 మి.మీ. దిగిపోయేది. గట్టిది వేశాక 55 దగ్గర ఆగుతోంది, 200 మి.మీ. ట్రావెల్‌కి (ఫోర్క్ మొత్తం కుంగగల దూరానికి) అది సరిపోతుంది. డంపర్ (ఫోర్క్ కుంగి లేచే వేగాన్ని అదుపు చేసే భాగం) కూడా మార్చమన్నవాళ్లకి: ఆ డబ్బుకి ఇంకో పాత ఫోర్కే వస్తుంది, వద్దులెండి. ఉదయగిరి కొండ రాళ్లబాటలో చేతులు ఇదివరకటంత లాగట్లేదు. రీబౌండ్ (కుంగిన ఫోర్క్ తిరిగి ఎంత వేగంగా లేవాలో చూసే సెట్టింగ్) ఇంకో రెండు క్లిక్కులు తగ్గించి చూడాలి.