ఆఫ్టర్‌షాక్‌కి తెలుగు మాట: నా ఓటు ‘మలి అదురు’కి

పెద్ద భూకంపం తర్వాత ఆ చుట్టుపక్కలే మళ్ళీ మళ్ళీ వచ్చే అదురులను ఇంగ్లీషులో ఆఫ్టర్‌షాక్‌లు అంటారు. దానికి తెలుగులో ‘అనంతర ప్రకంపన’ ఉండగా ఇంకో మాట వెతకడం ఎందుకని నిన్న ఇక్కడి చర్చలో ఒకరు అడిగారు. పత్రికలు రాస్తున్నది అదే, అందులో తప్పు లేదు. నా అభ్యంతరమల్లా ఆ చర్చలో కొందరు మిత్రులు సూచించిన ‘శేష ప్రకంపన’, ‘ఉప ప్రకంపన’ మీదే. ఇలాంటి మాట వల్ల జపాన్ వాళ్ళకు ఎంత ఇబ్బంది వచ్చిందో చెబితే నా బాధ అర్థమవుతుంది.

ఆఫ్టర్‌షాక్‌ని వాళ్ళు ‘యోషిన్’ అంటారు. ‘యో’ అంటే మిగిలినది, ‘షిన్’ అంటే కంపనం. అంటే అచ్చంగా మన ‘శేష ప్రకంపన’. 2016 ఏప్రిల్ 14 రాత్రి కుమమోతో ప్రాంతంలో 6.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇక వచ్చేవి యోషిన్‌లే అన్న లెక్కతో జపాన్ వాతావరణ సంస్థ (అక్కడ భూకంపాల సంగతి చూసేదీ అదే) మరునాడు అంచనాలు ప్రకటించింది. తొలి భూకంపం వచ్చిన 28 గంటలకు, 16వ తేదీ అర్ధరాత్రి దాటాక, 7.3 వచ్చింది. మొదటి దెబ్బకు నిలబడ్డ ఇళ్ళు కొన్ని రెండో దెబ్బకు కూలిపోయాయి. అప్పటిదాకా ప్రధాన భూకంపం అనుకున్నది ‘ముందు వచ్చినది’గా మారింది. ‘యోషిన్’ అంటే ఇక పెద్దది రాదన్న భావన జనంలో కలుగుతోందని గుర్తించి, ఆ తర్వాత హెచ్చరికల్లో ఆ మాట వాడటం మానేశారు. ఇప్పుడు ‘అదే స్థాయి భూకంపం రావచ్చు, జాగ్రత్త’ అంటారు. ఒక్క మాటను మార్చడానికి అంత పెద్ద విపత్తు కావలసివచ్చింది.

‘శేషం’ గురించి ఒక మాట ఒప్పుకోవాలి. అప్పు, నిప్పు, పగ శేషం ఉంచకూడదని, ఉంచితే మళ్ళీ పెరుగుతాయని మన పెద్దలు అన్నారు. ఆ అర్థంలో తీసుకుంటే ‘శేషం’ కంటే మంచి మాట లేదు. కానీ ఇప్పటి పిల్లలకు శేషం అంటే భాగహారంలో మిగిలేది. అది భాజకం కంటే ఎప్పుడూ చిన్నదే. ‘ఉప’ అయితే ఇంకా నేరుగా చిన్నదని చెప్పేస్తుంది.

చాలాసార్లు అవి చిన్నవే, నిజం. మలి అదురుల్లో అతి పెద్దది సగటున ప్రధాన భూకంపం కంటే సుమారు 1.2 తీవ్రత తక్కువ ఉంటుంది. తీవ్రత ఒక అంకె తగ్గినకొద్దీ సంఖ్య సుమారు పదింతలవుతుంది. అంటే 5 తీవ్రతవి ఒకటో రెండో వచ్చినచోట 4 తీవ్రతవి పది, ఇరవై వస్తాయి. కానీ వందలో అయిదారు సార్లు ముందు వచ్చినదాన్ని మించినది కొద్ది రోజుల్లోనే దాపున వస్తుంది. ఏది ప్రధానమో వరుస అంతా అయ్యాకే తేలుతుంది. ముందే ‘చిన్నది’ అని పేరు పెట్టడం అందుకే నచ్చదు నాకు.

ఇవి ఎందుకు వస్తాయంటే, నేలలోని పగులు వెంబడి రాయి ఒక్కసారి జారినప్పుడు జారినచోట ఒత్తిడి తగ్గుతుంది. పగులు అంచుల దగ్గర, పక్క పగుళ్ళ మీద మాత్రం పెరుగుతుంది. అక్కడి రాయి ఒక్కోచోట ఒక్కోసారి తెగుతూ సర్దుకుంటుంది. ఆ సర్దుబాటుకి ఓ లయ ఉందని మొదట కనిపెట్టింది జపాన్ భూకంప శాస్త్రవేత్త ఒమోరి ఫుసాకిచి. జపాన్‌లో 1891 అక్టోబరు 28న వచ్చిన నోబి భూకంపం తర్వాత అక్కడి గిఫు ఊళ్ళో రోజుకెన్ని వచ్చాయో లెక్కలు చూసి, రోజులు గడిచినకొద్దీ ఆ సంఖ్య విలోమంగా తగ్గుతుందని 1894లో రాశారు. స్థూలంగా చెప్పాలంటే మొదటి రోజు వంద వస్తే పదో రోజు పది. వేగంగా తగ్గుతుంది, కానీ తోక మాత్రం తెగదు. నోబి మలి అదురులు నూరేళ్ళ తర్వాత కూడా ఆ సూత్రానికి సరిపోయాయంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూకంపానికి మహారాష్ట్రలోని కిల్లారి కూలినప్పుడు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ళు అక్కడికి వెళ్ళి తాత్కాలిక యంత్రాలు పెట్టింది కూడా ఈ మలి అదురుల కోసమే. ఒక్కోదాని చోటు, లోతు గుర్తిస్తూ పోతే, కంటికి కనిపించని పగులు ఎటు వాలి ఉందో చుక్కల ముగ్గులా తేలుతుంది. మొదటి కొద్ది నిమిషాలే కష్టం. పెద్దదాని అలల్లో చిన్నవి కలిసిపోయి లెక్కకు అందవు.

జహీరాబాద్ దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మ ఆ రోజులను ‘భూమి అదిరినప్పుడు’ అనే చెప్పేది. ‘కంపించింది’ అన్న మాట ఆమె నోట ఎప్పుడూ వినలేదు. ‘అదురు’ అక్కడ దొరికింది నాకు. ఇక ‘మలి’. తొలిసంజ, మలిసంజ అంటాం. రెండోది మొదటిదానికి తక్కువని కాదు, తర్వాతదని మాత్రమే. తెలంగాణ ఉద్యమంలో మలిదశ తొలిదశ కంటే చిన్నదని ఎవరంటారు? క్రమాన్ని చెబుతుంది, పరిమాణం గురించి మాట ఇవ్వదు. నాకు కావలసింది అదే.

‘అనంతర’ కూడా క్రమమే కదా అంటారా? అవును, అందుకే దాన్ని తప్పనలేదు. కానీ రాత్రి మంచం ఊగినప్పుడు నోటికి రావలసిన మాట పొట్టిగా ఉండాలి.

2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్ళూరు వైపు వరుసగా కొన్ని రోజులు నేల అదిరింది. అటువైపు వాళ్ళు ఎవరైనా ఇక్కడ ఉంటే, రెండో రోజు మళ్ళీ వచ్చినప్పుడు ఇళ్ళల్లో ఏమన్నారో అదే మాట రాయండి.