మిలీషియాలో చేరిన రైతును ‘సైనికుడు’ అనవచ్చునా?

‘మిలీషియా’ అంటే అవసరం వచ్చినప్పుడు సామాన్య పౌరులే ఆయుధాలు పట్టి కట్టే దళం. దీన్ని తెలుగులో చెప్పడానికి ‘సైన్యం’ అన్న మాట చాలునని ఒక మిత్రులు అభిప్రాయపడ్డారు. పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో రైతుగా, దుబాసీగా బతికిన కోన్రాడ్ వైజర్ జీవితాన్ని తెలుగులో చెప్పబోతే ఆ మాట ఎక్కడ పొసగదో తెలుస్తుంది.

1696లో జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో పుట్టిన వైజర్, బ్రిటిష్ నౌకాదళానికి తారు తీసే పనికి తరలించిన జర్మన్ కుటుంబాలతో పాటు 1710లో న్యూయార్క్ చేరాడు. అక్కడి ఆదివాసులైన మోహాకుల మధ్య ఉండి వారి భాష నేర్చి దుబాసీగా పేరు పొందిన ఇతడు, 1729లో పెన్సిల్వేనియాలోని తుల్పెహాకెన్ లోయలో సేద్యానికి కుదురుకున్నాడు. (ఇతణ్ని ‘వలస కాలపు వలస రైతు’ అంటే చదువరి తికమకపడతాడు, ‘వలస వచ్చిన రైతు’ అని మనిషికీ, ‘వలసరాజ్యం’ అని పాలనకూ విడదీసి వాడటం మేలు.)

మసాచుసెట్స్ వంటి చోట్ల 16 నుంచి 60 ఏళ్ల మగవారు సొంత తుపాకితో కవాతుకు రావాలని చట్టమే ఉండేది. యుద్ధాన్ని నిరసించే క్రైస్తవ శాఖ అయిన క్వేకర్ల ప్రాబల్యం వల్ల పెన్సిల్వేనియాలో అటువంటి చట్టం లేదు. అందువల్ల 1755 అక్టోబరులో పెన్సిల్వేనియాలోని పెన్స్ క్రీక్ వద్ద వలస కుటుంబాలపై ఆదివాసుల దాడి జరిగాక వైజర్ పిలుపు విని వచ్చిన ఇరుగుపొరుగు రైతుల చేతుల్లో తుపాకులతో పాటు గొడ్డళ్లు, గడ్డి ఎత్తే పంగలకర్రలు కూడా ఉన్నాయి. ఆ నవంబరులో వచ్చిన మిలీషియా చట్టం సైతం ఎవరినీ బలవంతపెట్టలేదు; అధికారులను ఎన్నుకునే హక్కును చేరినవారికే ఇచ్చింది. జీతం, పై నుంచి నియామకం ఉన్న ‘సైన్యం’ అనే మాటను ఇక్కడ వాడితే ఈ సంగతంతా కనుమరుగవుతుంది.

రాయలసీమ పాలెగాళ్ల నాటి ‘కట్టుబడి’ని కొందరు సూచించవచ్చు గాని, కట్టుబడి బంటు కొలువుకు బదులుగా తక్కువ శిస్తుపై భూమి అనుభవించేవాడు; తుల్పెహాకెన్ రైతు భూమికి అటువంటి షరతు లేదు. నా మటుకు ‘దండు కట్టిన రైతులు’ అనడం నచ్చుతుంది. ‘దండెత్తడం’ గుర్తుకొచ్చి దురాక్రమణ ధ్వనించే ప్రమాదం లేకపోలేదు, అయితే ‘ఊరి కాపుదలకు’ అని ముందు చేరిస్తే ఆ దోషం తొలగుతుంది.

వైజర్ 1756లో పెన్సిల్వేనియా రెజిమెంటులో లెఫ్టినెంట్ కర్నల్ అయ్యాడు. అది జీతమిచ్చి పోషించిన దళం కనుక, అక్కడి నుంచి అతణ్ని ‘సైనికాధికారి’ అనడానికి నాకు అభ్యంతరం లేదు.